కరీమ్ పెరిగిన మూడు కిలోలు

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది. తిరుపతిలోని ఒక ఆసుపత్రిలో, స్టెమ్‌సెల్ మార్పిడి వార్డులో నర్సుగా ఉన్నాను. రక్త క్యాన్సర్‌తో చిత్తూరు నుంచి కరీమ్ అనే వడ్రంగి వచ్చాడు. అతనికి కణాలు దానం చేసింది సొంత అక్క నజ్మా. తోడుగా ఉన్నదీ ఆమే.

మా వార్డులో రెండు పూటలా బరువు చూస్తాం, టేపుతో పొట్ట కొలుస్తాం. కణాలు ఎక్కించిన పన్నెండో రోజున చూస్తే, కరీమ్ రెండు రోజుల్లో మూడు కిలోలు పెరిగాడు. నజ్మా ముఖం వెలిగిపోయింది.

"తిండి ఒంటికి పడతాండాది సిస్టర్" అంది.

ఆ రెండు రోజుల్లో అతను తాగింది కాస్త గంజి. కళ్లు పచ్చబడ్డాయి. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి అన్నాడు. వెంటనే డాక్టరుగారిని పిలిచాను. స్కానింగ్, రక్తపరీక్షలు చూసి ఆయన వీనో ఆక్లూసివ్ డిసీజ్ అన్నారు. మార్పిడికి ముందు ఇచ్చే ఘాటు కీమో వల్ల ఒక్కోసారి కాలేయంలోని సన్నటి రక్తనాళాలు దెబ్బతిని మూసుకుపోతాయి. ఒంట్లో నీరు చేరుతుంది. ముదిరితే ప్రాణం దక్కడం కష్టం.

దీనికి వాడే మందు డీఫైబ్రోటైడ్. ఆ నాళాల గోడలను కాపాడుతుంది. మా దగ్గర లేకపోతే ఆ సాయంత్రానికే చెన్నై నుంచి తెప్పించారు. ఆరు గంటలకోసారి, ప్రతిసారీ రెండు గంటల పాటు నరంలోకి ఎక్కించాలి. రక్తస్రావం కావచ్చు గనుక చిగుళ్లు, మూత్రం రంగు చూస్తూనే ఉన్నాం.

మందు మొదలుపెట్టిన మూడో రోజుకు నజ్మా అన్నం మానేసిందని తెలిసింది. పక్కన కూర్చుని అడిగాను.

"నేనిచ్చిందే వానికి పడలేదు గదా సిస్టర్? నా చేతులారా నేనే చేసినాను."

"నీ కణాల తప్పు కాదక్కా. అవి ఎక్కక ముందు ఇచ్చిన మందులతో వచ్చిందిది. నీ కణాలు బాగా పట్టుకున్నాయి. ఈ పొద్దు తెల్లకణాలు పెరిగినాయి, చూస్తావా?"

రిపోర్టు చూపించాను. అంకెలు ఆమెకు అర్థం కాలేదు. కాగితం మీద పైకి లేచిన గీతనే వేలితో తడుముతూ ఏడ్చింది. తర్వాత నా ఎదుటే రెండు ఇడ్లీలు తింది.

వారం తిరిగేసరికి కరీమ్ బరువు తగ్గడం మొదలైంది. మూడు వారాల మందు పూర్తయ్యాక కళ్లలో పచ్చదనం పోయింది. ఇప్పుడు మళ్లీ తలుపులు, కిటికీలు చేస్తున్నాడు. పరీక్షలకు వచ్చినప్పుడు వార్డుకు వచ్చి పలకరించి వెళతాడు.

అప్పటి దాకా దాత పని కణాలు ఇవ్వడంతో అయిపోతుందనుకునేదాన్ని. ఇప్పుడు రోగికి ఏ చిన్న కష్టం వచ్చినా ముందు దాతను పిలిచి కూర్చోబెడతాను. ఇది నీ వల్ల రాలేదని, వాళ్లు అడగక ముందే చెబుతాను.