హన్మయ్య మామ బెదరని రోజు

హన్మయ్య మామకు షాక్ కొట్టడానికి కరెంటుతో పనిలేదు. కారు బానెట్ ఎత్తితే చాలు. నాచారం పారిశ్రామికవాడ వెనక సందులో ఆయన రేకుల షెడ్డు ఉంది. ముప్పై ఎనిమిదేళ్లుగా అక్కడ బానెట్లు ఎత్తుతూనే ఉన్నాడు. ఎత్తిన ప్రతిసారీ లోపల ఇంజను కనబడేసరికి నిర్ఘాంతపోతూనే ఉన్నాడు.

దానికొక పద్ధతి ఉంది. ముందు రెండడుగులు వెనక్కి వేస్తాడు. భుజం మీది తువ్వాల తీసి నెత్తిన వేసుకుంటాడు. షెడ్డు ముందు పడి ఉండే పాత లారీ టైరు మీద కూలబడతాడు. నీళ్లడుగుతాడు. రెండు గుక్కలు తాగి, మనకు కాదు, ఎదుటి గోడకు చెబుతాడు.

"నలభై ఏండ్ల సర్వీసుల గిసుంటిది సూడలే."

సర్వీసు ముప్పై ఎనిమిదేళ్లే కదా, మిగతా రెండేళ్లు ఎక్కడివని నేనొకసారి అడిగాను. ఆ ప్రశ్నకు కూడా షాకై టైరు మీద కూర్చున్నాడు. మళ్లీ అడగలేదు.

ఎదురుగా మల్లవ్వ టీ బండి. మామ షాకుల కోసమని ఆమె ఒక చెంబు వేరే పెట్టింది. సందులోకి కొత్త కారు తిరిగితే ఆమె చేయి దానంతటదే చెంబు మీదికి పోతుంది. ఆ సందులో రిపేర్లను రూపాయల్లో కాక గ్లాసుల్లో చెప్పుకుంటారు. "పొద్దుగాల ఒకడొచ్చిండు, రెండు గ్లాసుల పని" అంటే క్లచ్ అన్నమాట.

ఇక నా సంగతి. నా పేరు శశిధర్. నాచారంలోనే ఒక మందుల కంపెనీ ల్యాబులో పని. రెండేళ్ల క్రితం బుద్ధి గడ్డి తిని, ఎనిమిదేళ్లు వాడిన టర్బో పెట్రోల్ సెడాన్ ఒకటి కొన్నాను. అమ్మినాయన నారపల్లిలో ప్లాట్ల వ్యాపారి. తాళంచెవి చేతిలో పెడుతూ, "ఎక్కువ తిప్పలే సార్, ఇంట్లనే ఉన్నది" అన్నాడు. ఎందుకు ఇంట్లోనే ఉందో అడిగే జ్ఞానం నాకు లేకపోయింది.

టర్బో అంటే ఇంజనులోకి గాలిని బలంగా ఊదే చిన్న పంకా. పెడల్ తొక్కితే సన్నగా ఈల వేస్తుంది, కారు ముందుకు దూకుతుంది. ఆ ఈల విని నేను కొన్నాను. కొన్న డబ్బులో సగం నా భార్య హరిణిది. కర్రీ పాయింట్ పెట్టాలని నాలుగేళ్లు కూడబెట్టుకుంది. దుకాణం అడ్వాన్సుకని తను మిగుల్చుకున్న డబ్బు చచ్చినా ముట్టనని ఆమె తల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాను. ఆమె మెల్లగా నా చెయ్యి తీసి పక్కన పెట్టింది. ఒట్టు తప్పితే పోయేది తన తలే కదా.

పైన పటారం లోన లొటారం అన్న మాట ఈ కారును చూసే పుట్టి ఉంటుంది. వారం తిరక్కుండానే ఉప్పల్ రింగ్‌రోడ్డు మెట్రో పిల్లర్ల కింద దాని పవర్ పోయింది. కూరగాయల ఆటో ఒకటి నన్ను దాటిపోయింది. ఆటోలో సొరకాయల మీద పడుకున్న మనిషి లేచి మరీ చూశాడు. పాక్కుంటూ నాచారం చేరాను. సందులో వాళ్లు చూపించిన షెడ్డులో హన్మయ్య మామ బానెట్ ఎత్తి, రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆయన కూలబడేసరికి నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా మనిషి పడిపోతుంటే చూస్తూ ఊరుకోలేం కదా. మల్లవ్వ చెంబు అందించింది, నేను తాగించాను.

"మామా, దిగులు పడకు. ఏదైతే అదవుతుంది. ఇంకా లోకంలో కార్లు లేవా?" అని వీపు నిమిరాను.

"దీని లోపట పైపు పగిలింది అల్లుడా" అన్నాడు నీరసంగా. గాలి పోయే రబ్బరు పైపుకు చీలిక వచ్చిందట. "టర్బో ఊదుతున్నది, గాలి బయటికే పోతున్నది. నలభై ఏండ్ల సర్వీసుల గిసుంటిది సూడలే."

"ఎంతవుతుంది మామా?"

"పద్దెనిమిది వందలు" అని చెప్పి, ఆ అంకె విని తనే మళ్లీ షాకయ్యాడు. నేను యాభై వేలకు సిద్ధపడి ఉన్నాను. నవ్వుకుంటూ ఇంటికి వెళ్లాను.

తర్వాత ఇదే వరస. నీళ్ల ట్యాంకు దగ్గరి ప్లాస్టిక్ జాయింటు కారింది. ఒకటిన్నర గ్లాసు, రెండు వేల ఆరు వందలు. నిప్పురవ్వ పుట్టించే కాయిల్ ఒకటి కాలిపోయి బండి కుంటింది. రెండు గ్లాసులు, మూడు వేలు. ఇంజనాయిల్ తీసిన రోజు మాత్రం చెంబు మొత్తం ఖాళీ చేశాడు.

"ఇది నూనెనా, చింతపండు పులుసా? టర్బోకు నూనె నెత్తురసుంటిది. గీ పులుసు తాగి అదెట్ల తిరగాలె?" నా వైపు తిరిగి, "హైవే మీద ఉరికొచ్చి ఎంబడే బంద్ జేస్తున్నవా?" అన్నాడు.

"ఇల్లు రాగానే ఆపుతాను. మరి పెట్రోలు?"

"ఉరికొచ్చినోన్ని గొంతు పిసుకుతరా? ఒక్క నిమిషం అట్లనే ఉండనియ్యి. జర దమ్ము తీసుకుంటది."

ఆ రోజు హరిణి కూడా నాతో వచ్చింది. ఆమె పుట్టిల్లు ఆ పక్క వీధే. ఆయన్ని చిన్నప్పటి నుంచీ కాకా అనే పిలుస్తుంది.

"కాకా, ఇది దమ్ము యాడికెళ్లి తీసుకుంటది?" అని అడిగింది.

మామ ఇంజను పక్కన నల్లటి పెట్టె క్లిప్పులు టకటకా తీసి, లోపలి కాగితపు ఫిల్టర్ చూపించాడు. "ఇగో, ఇదే బండికి ముక్కు. పీల్చే ఊపిరంతా ఇక్కన్నుంచే బిడ్డా."

హరిణి చాలా శ్రద్ధగా చూసింది. ఆమెకు యంత్రాల మీద ఆసక్తి పుట్టిందని నేను మురిసిపోయాను.

నిజానికి ఆమె ఆసక్తి వేరు. ఇన్ని రిపేర్లు వచ్చాయంటే కారుకు దిష్టి తగిలిందని ఆమె గట్టి నమ్మకం. అంతకు ముందు శనివారమే ఉప్పల్ సిగ్నల్ దగ్గర నిమ్మకాయలు, మిరపకాయల దండ కొందామంది. "టర్బో బండికి నిమ్మకాయలా?" అని నేను నవ్వాను.

"నరుని చూపుకు నల్లరాయి పగులుతదంటరు" అంది.

నాది ల్యాబు నోరు, ఊరుకుంటుందా? సిగ్నల్ పడినంతసేపూ సైన్సు చెప్పాను. ఇంట్లోంచి ఆమె ఎర్రగుడ్డలో పటికముక్క కట్టి తెస్తే అది కూడా కారులో కట్టనివ్వలేదు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. గెలిచాననుకున్నాను. పెళ్లయి ఏడేళ్లయినా నాకు తెలివి రాలేదు.

చివరికి హరిణికి దుకాణం దొరికింది. ఫ్యాక్టరీల గేట్ల దగ్గర, మంచి చోటు. కాకపోతే షట్టరంతే గది, పొయ్యి పెట్టడానికి జాగా లేదు. ఇంట్లో వండి, గిన్నెలు కారులో పెట్టుకుని పోవాలి. శుక్రవారం లక్షా ఇరవై వేలు అడ్వాన్సు కట్టకపోతే సెల్‌ఫోన్ల వాడికి ఇచ్చేస్తానని ఓనరు చెప్పాడు.

బుధవారం మధ్యాహ్నం ఘట్‌కేసర్‌లో పెద్ద గిన్నెలు చూసి ఇద్దరం వస్తున్నాం. నారపల్లి దాటేసరికి ఈల కాస్తా ప్రెషర్ కుక్కర్ కూత అయింది. తొక్కితే దూకదు, పాకుతుంది. వెనక నీలం పొగ. దారిలో ఉప్పల్ రోడ్డు మీద అద్దాల వర్క్‌షాపు కనబడితే అక్కడికే పోనిచ్చాను. టై కట్టుకున్న కుర్రాయన కంప్యూటర్ తగిలించి, బానెట్‌లోకి తొంగి కూడా చూడకుండా చెప్పాడు.

"టర్బో పోయింది సర్. కొత్తది లక్షా పదిహేను వేలు. ట్యాక్స్ ఎక్స్‌ట్రా."

ఎంత మర్యాదగా చెప్పాడంటే, థాంక్యూ కూడా చెప్పాను. బయటికి వచ్చాక లెక్క వేసుకున్నాను. కారు బాగు చేయిస్తే దుకాణం పోతుంది. చేయించకపోతే దుకాణం ఉంటుంది, దానికి కూర చేరదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. హరిణి ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేనెంత మూర్ఖుడినో ఆ అరగంటలో నాకు బాగా అర్థమైంది.

నాచారం సందులోకి తిరగ్గానే మా పొగ చూసి మల్లవ్వ రెండు చెంబులు నింపింది. నలుగురు చేరారు, వర్క్‌షాపు వాడి అంకె చెప్పాను. లక్షా పదిహేను వేల షాక్ మామ ఎలా పడతాడో చూడాలని అందరికీ ఉంది. నేను కారు సంగతి పక్కన పెట్టి ఆయన్ని పట్టుకోవడానికి వెనక చేతులు చాచి నిలబడ్డాను.

మామ బానెట్ ఎత్తాడు. ఈల విన్నాడు. నల్లపెట్టె క్లిప్పులు తీసి లోపలికి వంగాడు. ఆయన వీపు తప్ప నాకేమీ కనబడలేదు. తల ఎత్తి ఒకసారి హరిణిని చూశాడు. మూత పెట్టేశాడు. తువ్వాలతో చేతులు తుడుచుకుని, తువ్వాల మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"ఏం లేదు. చాయ్ తాగుదమా?" అన్నాడు.

 ఆ మనిషి వైపరు రబ్బరుకు రెండు గ్లాసులు తాగినవాడు. వెనక్కి అడుగు వేయలేదు. కూలబడలేదు. నలభై ఏండ్ల సర్వీసు ఊసే లేదు.

"ఏందయ్యా, నీళ్లు?" అంది మల్లవ్వ, చెంబు చాచి.

"వద్దు మల్లవ్వ. దూప గావట్లే."

మల్లవ్వ ఆ నీళ్లు తనే తాగేసింది. నేను లారీ టైరు మీద కూలబడ్డాను. "మామా, దాచకు. ఇంజనే పోయిందా?"

"ఏం లేదంటి గద. ముక్కు పట్టేసినట్టున్నది. బిడ్డా, నువ్వు ఫికర్ జెయ్యకు. ఇంటికి పోయి నీ పని సూస్కో. అల్లుడా, నువ్వు రేపు పొద్దుమీకి రా."

మరునాటికల్లా హన్మయ్య షాక్ కాలేదన్న వార్త నాచారమంతా పాకింది. ల్యాబులో నా దగ్గరికి ఒక్కొక్కరే వచ్చి భుజం తట్టి పోయారు. ప్యాకింగ్‌లో పనిచేసే రంజిత్ తనకు తెలిసిన పాత ఇనుము వాళ్ల నంబరు ఇచ్చాడు. "కిలోల లెక్క తీసుకుంటరన్న, తూకం మోసముండదు" అన్నాడు. ఆ చీటీ జేబులో పెట్టుకునే సాయంత్రం షెడ్డుకు వెళ్లాను.

కారు స్టార్టయింది. సన్నటి పాత ఈల. పొగ లేదు. సందు చివరి దాకా పోయి వచ్చాను, లేడిపిల్లలా దూకింది.

"మరి టర్బో?" అన్నాను, నమ్మకం కుదరక.

"టర్బోకేమైంది? ముక్కు మూసుకపోతే నోట్లె నుంచి పీల్సుకుంటం గద, గట్ల అది నూనె పీల్సుకున్నది. అందుకే పొగ. ఫిల్టర్ మార్చిన, పైపులు కడిగిన. వెయ్యిన్ని యాభై."

"ఎలా మూసుకుపోయింది?"

"దుమ్ము. నారపల్లి దిక్కు ప్లాట్ల దుమ్ము." అని, బిల్లు చీటీ నా చేతిలో పెట్టబోయి ఒకసారి చూసుకున్నాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. తువ్వాల నెత్తిన వేసుకున్నాడు. "ఫిల్టర్‌కే ఆరు వందల యాభై. నలభై ఏండ్ల సర్వీసుల..." అంటూ కూలబడ్డాడు. నాకు ఏడుపొచ్చినంత సంతోషం వేసింది. నా చేతులతో నేనే నీళ్లు తాగించాను. శుక్రవారం అడ్వాన్సు కట్టాం.

దుకాణం తెరిచిన రోజు మామ ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. అంత శుభ్రంగా ఆయన్ని చూసి ఈసారి మల్లవ్వ షాకైంది. హరిణి లోపల గిన్నెల మూతలు సర్దుతోంది. మామ జేబులోంచి ఏదో తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఉతికిన ఎర్రగుడ్డ. అందులో పటికముక్క.

"ఇది షట్టర్ మీద గట్టు బిడ్డా, మంచిగ పనిజేస్తది. బండి ముక్కుల పెడితే గాలితోని దీన్ని సుత పీల్సుకుంటది, గుడ్డ పోయి ఫిల్టర్‌కు అతుక్కుంటది" అన్నాడు చిన్నగా.

హరిణి మొహం ఆ గుడ్డ కంటే ఎర్రగా అయింది. నేను కొత్తిమీర కట్ట పట్టుకుని వెనకే ఉన్నానని ఇద్దరూ చూసుకోలేదు. అప్పటికి గానీ ఈ ల్యాబు బుర్రకు అన్నీ కలవలేదు. నల్లపెట్టె మీద ఆమె శ్రద్ధ, అద్దాల వర్క్‌షాపు నుంచి ఆమె మౌనం, మామ చంకలో మడిచిన తువ్వాల. నేను వద్దన్నందుకే కదా, నా కంటబడని చోటు వెతుక్కుంది. తప్పు ఎవరిదో తేల్చాలంటే సగానికి మించి నాదే తేలుతుంది. కాబట్టి తేల్చదలచుకోలేదు. కుర్చీ వేసుకుని ఆ పటిక షట్టర్ మీద నేనే కట్టాను. హరిణి కింద కుర్చీ పట్టుకుని, కాసేపటికి ముసిముసిగా నవ్వింది.

తర్వాత మామను పక్కకు పిలిచాను. "అన్నిటికీ బెదిరేవాడివి, ఆ రోజు ఎందుకు బెదరలేదు మామా?"

"నేను బెదురుడు నా కొరకా?" అన్నాడు. "బండి చెడిపోయినోడు పానం అరచేతుల పెట్టుకొని వస్తడు. నేను గిట్ల కూలబడితె నాకు నీళ్లు తాపుడు, నన్ను సముదాయించుడుల పడి వాని బెదురు మర్శిపోతడు. ఎవరో ఒకరు బెదరాలె గద అల్లుడా, ఆ పని నేను జేస్తే అయిపాయె. ఆ దినం నేను బెదిరితె, ఏంది ఏందని నువ్వు వొచ్చి తొంగి చూస్తుంటివి. బిడ్డ మొఖం అప్పటికే సున్నం కొట్టినట్టున్నది."

 పద్దెనిమిది వందల రోజున ఆయన వీపు నిమిరింది నేనే అనుకున్నాను.

ఒంటిగంటకు ఫ్యాక్టరీల గంట కొట్టింది. జనం గేట్లలోంచి వస్తున్నారు గానీ కొత్త దుకాణం వైపు ఎవరూ తిరగడం లేదు. హరిణి గరిటె పట్టుకుని రోడ్డునే చూస్తోంది. మామ ఒక కాగితపు గిన్నెలో గుత్తివంకాయ కూర పెట్టించుకుని నడిరోడ్డుకు పోయి నిలబడ్డాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

రెండడుగులు వెనక్కి వేశాడు. ఇస్త్రీ చొక్కా మీద తువ్వాల లేకపోతే జేబురుమాలు తీసి నెత్తిన వేసుకున్నాడు. ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు.

"నలభై ఏండ్ల సర్వీసుల గిసుంటి వంకాయ కూర తినలే. జర నీళ్లు."

ఏమైంది, ఎవరు పడ్డారంటూ జనం మూగారు. మల్లవ్వ చెంబుతో పరుగెత్తుకొచ్చింది. నీళ్లు తాపిన వాళ్లు, వీపు నిమిరిన వాళ్లు, అసలు ఆ కూరేమిటో చూద్దామని దుకాణం ముందుకు వచ్చారు. ఒకటిన్నరకల్లా గిన్నెలన్నీ ఖాళీ. నాకు అడుగున మాడిన ముక్క కూడా మిగల్లేదు.

మర్నాడు హరిణి నన్ను మామ షెడ్డుకు పంపింది. గుత్తివంకాయ కూర, అన్నం క్యారేజీలో పెట్టి ఇచ్చి, వచ్చేటప్పుడు ఒకటి తెమ్మంది. తెచ్చాను. మా దుకాణం ముందు ఇప్పుడు ఒక పాత లారీ టైరు ఉంటుంది, మామ కూలబడటానికి.