ఒక్కసారే పిలిచిన స్కాలర్‌షిప్పు

ఆ రోజుల్లో (మరీ రాజుల కాలమేమీ కాదు, చేతిలో ఫోను, ఫోనులో ఇంటర్నెట్టు వచ్చేసిన రోజులే) మా ఇళ్ళలో ఎవరైనా ఏదైనా ఇస్తామంటే వెంటనే పుచ్చుకోవడమంత సిగ్గుమాలిన పని ఇంకొకటి ఉండేది కాదు. పుంగనూరు దగ్గర మా పల్లెలో ఎవరింటికైనా వెళితే, "కాపీ పెట్టేదా?" అని వాళ్ళడగాలి, "ఇప్పుడే తాగొచ్చినాం" అని మనం అబద్ధమాడాలి. "ఒక గుక్క తాగితే ఏమైతాది?" అని వాళ్ళు మళ్ళీ అనాలి, "యాలమ్మా మీకు కష్టం" అని మనం ముఖం తిప్పుకోవాలి. మూడోసారి వాళ్ళు కాస్త కోపం నటిస్తే, అప్పుడు మనం ఓడిపోయినట్టు "సరే, అర్ధ గ్లాసు సాలు" అనాలి. ఇదంతా జరుగుతుండగానే లోపల పాలు పొంగుతుండేవి, ఎందుకంటే మొదటి ప్రశ్నకు ముందే పొయ్యి వెలిగించేసి ఉంటారు. లోకమంతా ఇలాగే నడుస్తుందని ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా నేను మనస్ఫూర్తిగా నమ్మాను. కంప్యూటర్ డిగ్రీ చేతిలో పెట్టుకుని కూడా నమ్మాను.

అప్పుడు మదనపల్లెలో ఒక నెట్ సెంటర్లో పనిచేసేదాన్ని. పొద్దస్తమానం ఇతరుల దరఖాస్తులు నింపడమే పని. అది ముగిశాక, ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు అనే రకం ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేలుపెట్టేదాన్ని. పశువులకు వేసిన టీకాల వివరాలు రాసుకునే ప్రోగ్రాం ఒకటి ఉండేది. అది ప్రతి గొర్రెకూ విడిగా ఒక పేరు అడిగేది! దాన్ని తయారుచేసిన మహానుభావులు మా నాయన మందను చూసి ఉండరు. గొర్రెలను మందగా నమోదు చేసే వీలు నేను రాసి పంపితే, బెంగళూరులో పుట్టి పెరిగిన ఒక తెలుగక్క దాన్ని చూసి, తప్పులు దిద్ది, చేర్చుకుంది. అలా ఏడాదిపాటు ముఖం చూడకుండానే ఆమె దగ్గర పని నేర్చుకున్నాను. ఒకరోజు ఆమే రాసింది: "ఈ సాఫ్ట్‌వేర్ వాళ్ళందరం బెంగళూరులో మూడు రోజులు కలుస్తున్నాం. మా కంపెనీ నీలా పనిచేసే మనిషి కోసం వెతుకుతోంది. నువ్వొచ్చి కనబడితే మిగతాది నేను చూసుకుంటాను. సొంత ఖర్చుతో రాలేనివాళ్ళకు స్కాలర్‌షిప్పులున్నాయి, దరఖాస్తు పెట్టు." నెట్ సెంటరాయన ఆ నెలాఖరుకు షాపు మూసేసి ఫర్నిచర్ కొట్టు పెడతానని అప్పటికే చెప్పేశాడు. ఇది తప్పితే నాకు మిగిలేది నాయన వెనకాల గొర్రెల మందే. ఇంట్లో చెప్పకుండా దరఖాస్తు పెట్టేశాను.

ఒక ఆదివారం, ఇంటి దగ్గరున్నప్పుడు, మెయిల్ వచ్చింది. బస్సు, బస, భోజనం, ప్రవేశం అన్నీ వాళ్ళవే. "మీకు సమ్మతమేనా?" అని అడిగారు. నేను గెంతులేస్తూ అందరికీ చదివి వినిపించాను. ఒక్కరు నవ్వితే ఒట్టు.

"ఎవురు వాళ్ళు? మనకేమైతారు?" అన్నాడు నాయన.

"ఏమీ కారు నాయనా. కంప్యూటర్లోళ్ళు."

అవ్వ (నాయన వాళ్ళమ్మ, మా ఇంటి మర్యాదలకు సుప్రీంకోర్టు) గుంజకు ఆనుకున్నదల్లా నిటారుగా కూర్చుంది. "ఏమీ కానోళ్ళు బస్సుకిచ్చి, పండుకునేదానికి రూమిచ్చి, మూడు పూట్లా అన్నం పెడతామంటే, సరే అని ఎగురుకుంటా పోతావా? ఇంట్లో తిండికి లేదనుకోరా మన్ని?"

"వద్దని రాయమ్మా," అన్నాడు నాయన. "ఇచ్చేటోళ్ళయితే మళ్ళా అడుగుతారు గదా."

అమ్మకు మాత్రం నేను వెళ్ళాలనే ఉంది. అందుకే దగ్గరికొచ్చి, "గెట్టిగా వద్దనొద్దు మే, మెల్లిగా వద్దను," అని రహస్యంగా చెప్పింది.

నాకది ఎంతో సబబుగా తోచింది. (ఇప్పుడు తలచుకుంటే నన్ను నేనే మొట్టాలనిపిస్తుంది.) కూర్చుని, నాకు వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టి, ఎంత మెల్లిగా వద్దనవచ్చో అంత మెల్లిగా వద్దన్నాను. "మీ దయకు కృతజ్ఞతలు. నా కోసం మీకెందుకండీ ఇంత శ్రమ? నాకంటే అవసరమున్నవాళ్ళు ఎందరో ఉంటారు, వాళ్ళకిచ్చినా నాకు సంతోషమే." పంపించాక ఇల్లంతా ఒక్కసారిగా ప్రయాణపు హడావిడిలో పడింది. అమ్మ దారిలో తినేందుకని నిప్పట్లకు పిండి కలిపింది. నాయన అటక మీది సంచి దించి దులిపాడు. అవ్వ నాకు బెంగళూరులో ఎవరితో మాట్లాడకూడదో చెప్పడం మొదలుపెట్టింది (మగవాళ్ళతో, ఆడవాళ్ళతో). అంత నమ్మకం మాకు.

బాణలిలో నూనె కాగకముందే జవాబొచ్చేసింది. "మీ పెద్ద మనసు మమ్మల్ని కదిలించింది. మీరు కోరినట్టే, మీ స్థానాన్ని వరుసలో తర్వాతివారికి ఇచ్చేశాం. శుభాకాంక్షలు."

మూడుసార్లు చదివాను. ఫోను ఆపి, మళ్ళీ పెట్టి చదివాను. ఇచ్చేశారు! నేను వద్దన్నానని, నిజంగానే ఇచ్చేశారు! విషయం చెబితే అమ్మ చేతిలోని నిప్పట్టు చేతిలోనే ఉండిపోయింది.

"అంతేనా? రెండో తూరి అడగనే లేదా?" అంది అవ్వ.

"లేదవ్వా."

"మాటవరసకు గూడా?"

"లేదు."

"ఏం మనుషులప్పా వీళ్ళు!" అన్నాడు నాయన, సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయి. అవ్వకైతే ఆ దిగ్భ్రాంతి వారం రోజులు తీరలేదు. దారిన పోయేవాళ్ళందరినీ పిలిచి, "బెంగుళూరులో వద్దంటే వద్దనే అనుకుంటారంట సూడు," అని చెప్పేది. విన్నవాళ్ళూ నోళ్ళు తెరిచేవాళ్ళు. ఆ పూట నిప్పట్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తినేశాం. నేను గొర్రెల దొడ్డి వెనక్కి వెళ్ళి వెక్కివెక్కి ఏడ్చాను. తిరిగి అడుగుదామని నాలుగు రోజులు మెయిల్ రాయడం, చెరిపేయడం. వద్దన్నదాన్ని మళ్ళీ కావాలని అడగడానికి నా వేళ్ళు రాలేదు, ఏం చేయను?

ఐదో రోజు సాయంత్రం ఇంట్లో ఉండగా ఆ బెంగళూరు అక్క ఫోన్ చేసింది. గొంతు వినడం అదే మొదటిసారి. సిగ్నల్ సరిగా లేక స్పీకర్ పెట్టాను. "అసలు మీ చిత్తూరు వాళ్ళకేమైంది?" అంది, పలకరింపైనా లేకుండా. "నీ సీటు కుప్పం అబ్బాయికి ఇచ్చారు. అతనూ అచ్చం నీలాగే, ‘నాకెందుకండీ, ఇంకెవరికైనా ఇవ్వండి’ అని రాశాడు. మా కమిటీకి మతిపోయింది. స్కాలర్‌షిప్పులో ఏదో పెద్ద లోపం ఉండి ఉంటుందని మీటింగు కూడా పెట్టారు. నాకిప్పుడే తెలిసింది. లిస్టులో ఇంకెవరూ లేరు, ఇంకో గంటలో మూసేస్తారు. సూటిగా అడుగుతున్నా. నీకు రావాలని ఉందా, లేదా?"

నా నాలుక మీద అప్పుడే ‘యాలక్కా మీకు కష్టం’ అనే మాట వచ్చి కూర్చుంది. తలెత్తితే ముగ్గురూ నన్నే చూస్తున్నారు. అవ్వ రెండు వేళ్ళు చూపించింది. ఇది రెండో పిలుపే, ఇంకొకటి రావాలి, ఆగు అని. నాయన అవునన్నట్టు తల ఊపాడు. అమ్మ మాత్రం వేళ్ళూ చూపలేదు, తలా ఊపలేదు. రెండు చేతులూ ఒకదాన్నొకటి నలుపుకుంటూ, నేను మళ్ళీ వద్దంటానేమోనని భయపడుతూ నిలబడింది. ఆ చేతులు చూశాక నాకేమైందో తెలియదు.

"ఉందక్కా. నాకు కావాలి. తప్పకుండా కావాలి," అన్నాను. అన్నాను అనడం కంటే అరిచాను అనడం నిజం.

నా నోట ఆ మాట విని అందరికంటే ఎక్కువ అదిరిపడింది నేనే. అవ్వ నోటికి చేయి అడ్డం పెట్టుకుని, "నోరు తెరిసి అడిగేసింది సూడు!" అంది. ఫోన్లో అక్క మాత్రం చాలా మామూలుగా, "సరే, పేరు రాస్తున్నా," అని పెట్టేసింది. నాయన నన్ను ఎవరి పిల్లో అన్నట్టు చూసి, మళ్ళీ అటకెక్కి సంచి దించాడు.

బెంగళూరులో కుప్పం అబ్బాయినీ చూశాను. మనసు ఊరుకోక, సొంత ఖర్చుతో తెల్లవారుజాము రైలెక్కి వచ్చేశాడు పాపం. "నేనింకా రెండో మెయిల్ వస్తాదని సూస్తానే ఉండాను మేడం," అన్నాడు నిజాయితీగా. మూడో రోజు అక్క వాళ్ళ కంపెనీ ఆవిడ "ఈ పని చేస్తావా..." అంటుండగానే, ఆమె వాక్యం పూర్తికాకముందే, చేస్తాననేశాను. ఆ పనే ఇప్పటికీ చేస్తున్నాను. సూటిగా మాట్లాడుతుందని ఆఫీసులో నాకు పేరు. ఏం కావాలన్నా మొదటి మాటలోనే అడుగుతాను, వద్దంటే వద్దనే అర్థం.

మొన్నామధ్య ఇంటికి వెళ్ళాను. సంగటి, వేరుశెనగ చట్నీ. ఒక ముద్ద అయ్యాక, "ఇంకొకటి పెట్టేదా?" అంది అమ్మ. కడుపులో ఇంకా ఆకలే. అయినా ఆ ఇంట్లో కూర్చున్నందుకేమో, "సాల్లేమ్మా," అనేశాను. అమ్మ గిన్నె మూతపెట్టి లోపలికి తీసుకెళ్ళిపోయింది. నేను నమ్మలేక అలాగే చూస్తుండిపోయాను.

"ఏమ్మా, ఇంకో తూరి అడగవా?" అన్నాను.

"నిన్నా? నీకు కావాల్సుంటే నువ్వే అడుగుతావు గదా పాపా," అంది అమ్మ లోపలినుంచి. ఎత్తిపొడుపు కాదు, ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. నాకు నవ్వొచ్చింది. మూడోసారి పిలిస్తే గానీ కదలని ఆ పిల్లను, బతిమాలే మనుషులు చుట్టూ ఉన్నారని అంత ధీమాగా వద్దనగలిగిన ఆ పిల్లను తలచుకుంటే, మొదటిసారి కాస్త అసూయ కలిగింది. లేచి వంటింట్లోకి వెళ్ళి, ఇంకో ముద్ద నేనే పెట్టుకొచ్చాను.