దొరసాని గారి థైమ్‌కు నేను చేసిన ఊడ్పులు

పిడికెడు మొక్కతో నా ఉద్యోగాన్ని నేనే ఎలా పాతిపెట్టుకున్నానో చెబుతాను. నవ్వండి, నాకేం కోపం లేదు. అప్పటి నన్ను తలుచుకుంటే నాకే ఒళ్లు మండుతుంది.

రాజమహేంద్రవరంలో ఒక మిషన్ బడికి నేను రెండో పంతులిని. పెద్ద పంతులు పదవి ఖాళీ అయింది. అది నాకే రావాలని బడి చూసుకునే దొరసాని గారి చుట్టూ తెగ తిరిగేవాణ్ణి. వేసవికి కొండలకు వెళుతూ ఆవిడ నా చేతిలో ఒక కుండీ పెట్టారు.

"ఇది థైమ్. మా కోడి సూపునకు సువాసన నిచ్చును. ఇసుక నేల చాలును. నీరు అధికముగా పోయవలదు. కొమ్మలు నాటి వృద్ధి చేయుము."

ఆ మాటల్లో నా చెవికెక్కింది చివరిదొక్కటే. ఒక్క మొక్క ఇచ్చి వెళ్లిన మనిషికి తిరిగొచ్చేసరికి చేను చూపిస్తే పదవి ఎక్కడికి పోతుంది? పెరట్లోకి కాలువ నీళ్లు పెట్టాను. పశువుల ఎరువు వేసి, నల్లమట్టిని వరిమడిలా తొక్కాను. మొక్కను ముక్కలు చేసి వరసలుగా ఊడ్చాను.

"ఏవండీ, ఆవిడ నీళ్లు తక్కువ పొయ్యమన్నారు కదండీ?" అంది మా ఆవిడ.

"కాలవ ఎరగని దేశం మనిషి! నీళ్ల విలువ ఆవిడకేం తెలుసే?"

వారం తిరక్కుండా కొమ్మలన్నీ నల్లబడి కుళ్లిపోయాయి. కప్పలు మాత్రం బాగా పండాయి.

దొరసాని గారు తిరిగొచ్చారు. మరునాడే పెద్ద దొర గారికి విందు. పదవి ఎవరికివ్వాలో తేల్చేది ఆయనే. థైమ్ కోసి తెమ్మని నాకు కబురొచ్చింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఊరుకోండి," అంది మా ఆవిడ. "బజ్జీలకి కోసుకునే వామాకు లేదూ? వాసన ఇంచుమించు అదేనండి. సన్నగా తరిగేస్తే ఎవరు చూడొచ్చారు?"

తరిగి పట్టుకెళ్లాను. మొక్కలు ఇంకా వేరు పట్టుకుంటున్నాయి, ఇప్పుడే చూపించకూడదని దొరసాని గారితో చెప్పాను. పిల్లలకు పది ఆజ్ఞలు వల్లె వేయించే నోటితో ఆ మాట అన్నందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

పెద్ద దొర గారు సూపు మూడుసార్లు వడ్డించుకుని నన్ను పిలిపించారు.

"మా దేశమందు సైతము ఇంత ఘాటైన థైమ్ లేదు! పెంచినది నీవేనా?"

"చిత్తమండి. అంతా తమ దయండి."

"నీవంటివాడు బడిలో నుండుట వ్యర్థము. పంతుళ్లు ఎందరైనను దొరకుదురు. రేపటి నుండి నీవు మా తోటమాలివి."

దొరసాని గారు మురిసిపోతూ, కొండల నుంచి తెచ్చిన మరో పన్నెండు కుండీలు నాకు అప్పగించారు.

ఆ పన్నెండు కుండీల సాక్షిగా అక్కడే ప్రమాణం చేశాను: నా ఒంట్లో ఊపిరున్నంతవరకూ ఏ దొర గారి సూపునూ ఇక రుచిగా ఉండనివ్వను.