మూడు గాట్లు

కెంచార్లహళ్ళిలో ఒక వడ్రంగి ఉన్నాడు. జీవితమంతా మడకలు, విత్తనాల గొర్రులు చేసినవాడు. గొర్రు చేసి రైతు చేతికిచ్చేటప్పుడు దానిమీద తన గుర్తు పెట్టేవాడు కాదు. అది ఒక పంటకాలం పొలంలో తిరిగి, కీళ్ళు కదలకుండా వాపసు వస్తేనే అడుగున ఉలితో మూడు గాట్లు పెట్టేవాడు. వాళ్ళ నాయన కూడా అంతేనట. ట్రాక్టర్లు వచ్చాక గాట్లు పెట్టించుకునేవాళ్ళు లేకుండా పోయారు. చింతామణి నుంచి పత్రికకు వార్తలు పంపే రోజుల్లో ఆయన గురించి నేనొక చిన్న కథనం రాశాను.

అది చదివి బెంగళూరు నుంచి ఒకామె వచ్చింది. ఫర్నిచర్ డిజైన్ చేస్తుంది. సొంతూరు బాగేపల్లి పక్కనే. నేనే వెంటబెట్టుకుని కెంచార్లహళ్ళికి తీసుకెళ్ళాను. గోడకు తగిలించిన పాత గొర్రు ముందు ఆమె చాలాసేపు నిలబడింది. ఇనుము ముక్క లేదు. ఒక చెక్క కొసన చెక్కిన కుసి ఇంకో చెక్క బెజ్జంలోకి దిగి, అడ్డంగా ఒక చెక్క చీల. అంతే. అక్కడే కూర్చుని అదే కీలుతో ఒక కుర్చీ గీసింది.

“ఒక్క స్క్రూ గూడా ఉండకూడదప్పా. ముందు నాలుగు చెయ్యి. ఎండాకాలం నిలిస్తే ఇంకా ఇరవై చేపిస్తా.”

ఏడాదిగా నీడన పెట్టుకున్న వేప చెక్క తీశాడు. నాలుగు కుర్చీలూ చక్కగా కుదిరాయి. చేసినవాడి గుర్తు ఉంటే కొనేవాళ్ళకు బాగుంటుందని ఆమె గాట్లు పెట్టమంది.

“ఇంకా ఎవురూ వాడలేదు గదమ్మా” అన్నాడు.

“నేను కూచున్నా గదా” అని నవ్విందామె.

కుర్చీల మీద రాసే కథనానికి నాకు ఫోటో కావాలి. “పెట్టప్పా” అన్నాను. పెట్టాడు.

ఎండలు ముదిరాక ఆ నాలుగు కుర్చీలూ ఆమె కారులోనే తిరిగొచ్చాయి. కూర్చుంటే కిర్రుమంటున్నాయి, పక్కకు ఊగుతున్నాయి. ఆయన ఒకదాన్ని తిప్పి చీల కొట్టి తీశాడు. కుసి చేత్తో లాగితే వచ్చేసింది. చెక్క కుంచించుకుపోయింది.

“ఏసీ గదిలో ఏ కట్టైనా ఎండిపోతాదప్పా. తప్పు నీది కాదు” అంది ఆమె. “కీలుకొక స్క్రూ బిగిద్దాం. అడుగున ఎవురికి కనపడతాది?”

ఆయన భార్య పట్టుపురుగులకు ఆకు వేసి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

“ఆ కట్టె యాడ పెట్టింటివో గ్యాపకముండాదా?”

“పురుగులింట్లో.”

“దినమూ ఆ ఇంట్లో గోనెపట్టలు తడిపి కట్టేది ఎవురు? నేను. తేమకి పురుగులు గూడు కడతాయి. నీ కట్టె గూడా కడతాదనుకున్నావా?”

ఏడాది నీడన ఉన్న మాట నిజమే. ఆ నీడంతా తడి. కథనం కోసం వెళ్ళినప్పుడు నేనూ ఆ గోనెల కిందుగా వంగి నడిచాను. భుజం తడిసింది కూడా. నీడన ఆరిన చెక్క అని ఆయన చెప్పినట్టే రాసి పంపాను.

ఆయన నాలుగు కుర్చీలూ బోర్లించి, చిత్రిక పట్టి గాట్లు చెరిపేశాడు. మేమిద్దరం చూస్తూ నిలబడ్డాం.

“స్క్రూ వేసుకోమ్మా, వద్దనను. గాట్లు మాత్రం ఉండకూడదు.”

“మళ్ళీ చేస్తే?”

“ముందు కట్టె బాగా ఆరల్ల. వంటింటి అటక మీద పెడతా, పొయ్యి సెగకి. వచ్చే ఎండాకాలానికి చేస్తా.”

“ఇరవై నాకు ఇప్పుడే కావాలప్పా.”

“అయితే ఇంకొకరి దగ్గర చేపించుకో తల్లీ.”

ఆ ఇరవై వేరేచోట, స్క్రూలతో తయారయ్యాయి. నాలుగింటి కోసం మాత్రం ఆమె ఆగుతానంది. ఆగింది. మరుసటేడు ఆయన కొత్తగా నాలుగు చేసి, గాట్లు లేకుండా పంపాడు.

ఇంకొక ఎండాకాలం గడిచాక ఆయనా నేనూ చింతామణిలో బెంగళూరు బస్సెక్కాం. ఆయన సంచిలో ఒక ఉలి, చెక్క సుత్తి. ఆమె దుకాణంలో చల్లటి గదిలో ఒక్కొక్క కుర్చీనీ ఊపి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మూడింటికి గాట్లు పెట్టాడు. నాలుగోదాన్ని రెండుసార్లు ఊపి పక్కన పెట్టాడు.

“నాకేమీ వినపడలేదే!” అంది ఆమె.

“నాకు వినపడిందమ్మా.”

ఆ కుర్చీతోనే తిరుగు బస్సెక్కాం. నిలబడేందుకే చోటు లేదు.

“ఏమప్పా, సీటు దొరకదని ఇంటికాణ్ణించే తెచ్చుకుంటివా?” అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. పక్కన చంటిబిడ్డతో నిలబడిన ఒకామె వైపు కుర్చీని జరిపాడు.

“కూచోమ్మా, పడదులే.”

ఆమె కూర్చుంది. హొసకోటె దాటాక రోడ్డు బాగా లేదు. ఆయన కుర్చీ వీపు పట్టుకుని నిలబడి, ప్రతి కుదుపుకీ వంగి వింటూనే ఉన్నాడు.