బాయిలర్‌లోకి మొదట దిగేవాడు

తడి తువ్వాలు నుంచి జారిన నీటిచుక్క ఒకటి బూడిదలో పడి చుయ్యిమంది. పైకి బూడిద తెల్లగా, చల్లగానే కనిపిస్తోంది. నా భర్త అప్పటికే నడుము దాకా బాయిలర్ పొయ్యిలోకి దూరి ఉన్నాడు. ఆయన తలకు చుట్టుకున్న ఆ తువ్వాలును తడిపి ఇచ్చింది నేనే. అరవాలని నోరు తెరిచాను. ఆయన వెనక, చిన్న చీపురు పట్టుకుని, తన వంతు కోసం మా తొమ్మిదేళ్ల కూతురు నిలబడి ఉంది.

నాకన్నా ముందు లోపలి నుంచి ఆయన కేక వినిపించింది.

మాది కోయంబత్తూరు దగ్గర, కారమడై దాటాక ఉన్న చిన్న మిల్లు. నూలుకు రంగులద్దుతాం. మామగారి తండ్రి పెట్టింది. పనివాళ్లు ఆయన్ని ‘మొదలాళి’ అని పిలిచేవారట. తమిళంలో యజమానికి ఆ మాటే వాడతారు. ఇంట్లో తెలుగు మాట్లాడే ఆ పెద్దాయన దానికి తనకు తోచిన అర్థం చెప్పుకున్నాడు: మొదలాళి అంటే మొదట దిగేవాడు. అప్పటి నుంచి ప్రతి ఏటా ఆయుధపూజకు ముందురోజు మిల్లులో అన్నిటికన్నా మురికి పని, అంటే పొయ్యిలో దూరి మసీ బూడిదా గీకి తీయడం, యజమాని ఇంటివాళ్లదే. పూజనాడు పనివాళ్లు వరసగా కూర్చుంటే మేం వడ్డిస్తాం. అందరూ లేచాక మేం తింటాం.

మదురైలో కాలేజీలో చదివేటప్పుడు, సేవ చేసే నాయకత్వం గురించి పరీక్షలో నాలుగు పేజీలు నింపాను. పెళ్లై వచ్చాక దాన్ని నా భర్త చొక్కాకు పట్టిన మసిలో చూసి ఎంత గర్వపడ్డానో. ఆ గర్వం నా కూతురి దాకా వచ్చేసరికి భయంగా మారింది. ఈ ఏడు తనూ దిగుతానని అది పట్టు పట్టింది.

“తమ్ముడు పెద్దైతే పోతాడంట. నేను మాత్రం ఏల పోగూడదు తాతా?”

“ఎవరు వద్దనింది కన్నూ? మిల్లు నీది గూడా గదా,” అన్నారు మామగారు.

“పసిబిడ్డ మామా అది,” అన్నాను.

“నీ మొగుడు ఏడేండ్లకే దూరినాడు. ఏమైపోయినాడు? ఇంకొంచెం నల్లగైనాడు, అంతే,” అని మా అత్త నవ్వింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా మీద నాకే కోపం వస్తోంది.

మామూలుగా పూజకు మూడు రోజుల ముందే బాయిలర్ ఆపేస్తారు. ఈసారి పని ఆలస్యమై, పొయ్యిలో దిగాల్సిన రోజుకు ముందు సాయంత్రం దాకా కట్టెలు వేస్తూనే ఉన్నారు. మర్నాడు పొద్దున నా భర్త బాయిలర్ తాతకు ఫోన్ చేశాడు. పిల్లలు ఆయన్ని అలాగే పిలుస్తారు. నలభై ఏళ్లుగా ఆ పొయ్యిని చూసుకుంటున్న మనిషి, ఆయనదీ తెలుగే. “ఆరిపోయింది చిన్న మొదలాళీ” అన్నాడాయన. మంట ఆరిపోయిందని ఆయన ఉద్దేశం. కానీ మా ఇంట్లో కాఫీ చల్లబడినా ఆరిపోయిందనే అంటాం. తమిళంలో ఆరడమంటే చల్లారడమే. పొయ్యి చల్లారిందని అర్థం చేసుకుని నా భర్త ఫోన్ పెట్టేశాడు. ఇంకొక్క మాట అడగలేదు. మేం వెళ్లేసరికి బాయిలర్ తాత మిల్లు వాకిట్లో అరటిచెట్లు కడుతున్నాడు. ఆయన కోసం ఆగకుండానే పొయ్యి తలుపు తీశాం.

కేక విని బాయిలర్ తాత పరుగెత్తుకొచ్చి, నా భర్త రెండు కాళ్లూ పట్టుకుని బయటికి లాగాడు. పైన బూడిదే, కింద నిప్పులు. నా భర్త రెండు అరచేతులూ వాటి మీద ఆనించాడు.

“నా పొయ్యిలోకి నన్ను అడగకుండా దూరినావే!” అని బాయిలర్ తాత ఏడుస్తూ తిట్టాడు. “ఒక ఇనప కమ్మీ పెట్టి కెలికి చూస్తే తెలిసేది గదా సామీ!”

“నువ్వే గదయ్యా ఆరిపోయిందన్నావు?” అన్నాడు నా భర్త.

“మంటయ్యా! మంట ఆరిపోయిందంటిని!”

నేను కూతుర్ని గట్టిగా పట్టుకున్నాను. అది విడిపించుకోవాలని చూసేంత గట్టిగా. దాని చేతిలో చీపురు ఇంకా అలాగే ఉంది.

మిల్లు పక్కనే మామగారు కట్టించిన ఆసుపత్రి ఉంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు వైద్యం ఉచితం. దాని మీద మా ఇంటి పేరు లేదు, రాయనివ్వలేదు. యజమాని ఇంటివాళ్లైనా అక్కడ టోకెన్ తీసుకుని వరసలో కూర్చోవాలన్నది ఆయన నియమం. ఆ చేతులతో నా భర్త నిజంగానే టోకెన్ల వైపు నడిచాడు.

“మామా, ఈరోజు వద్దు! చెప్పండి ఆయనకు!” అని అరిచాను. మిల్లులో ఎవరూ నా గొంతు అంత పెద్దగా విని ఉండరు. మామగారు నోరు తెరిచేలోపే, వరసలో మొదట ఉన్న ఆవిడ జ్వరంతో ఉన్న బిడ్డను భుజాన వేసుకుని లేచింది.

“ఏమి సామీ, మేమేమి రాళ్లా? లోపలికి పో!” అంది.

నర్సు తడిగుడ్డలు చుట్టి, ఇది తమ వల్ల కాదు, కోయంబత్తూరు తీసుకుపొమ్మంది. ఊళ్లోకి వచ్చాక పండగ రద్దీకి గాంధీపురంలో కారు కదల్లేదు. నా భర్త రెండు చేతులూ గాల్లోకి ఎత్తిపట్టుకుని కూర్చున్నాడు. పెద్దాసుపత్రి డాక్టరు, వేళ్లు మునుపటిలా ముడుచుకుంటాయో లేదో కొన్నాళ్లు ఆగితేగాని చెప్పలేమన్నాడు. నా భర్త దగ్గర మామగారిని ఉంచి, పిల్లల కోసం నేను ఇంటికొచ్చాను.

పిల్లలు నిద్రపోయాక ఇది రాస్తున్నాను. కారులో నాకొచ్చిన ఆలోచన కూడా రాయాలి. బాయిలర్ తాతనే పొయ్యిలోకి పంపి ఉంటే నా మొగుడి చేతులు బాగుండేవి కదా, అనుకున్నాను. ఆయనకూ భార్య ఉంది, మనవలున్నారు. నిన్న కూడా నాకు పెరట్లోని కరివేపాకు తెచ్చిచ్చింది ఆమె. అయినా అనుకున్నాను. ఒక్కసారి కాదు, దారంతా.

ఇక్కడి నుంచి మర్నాడు రాస్తున్నాను. పొద్దున తల దువ్వుతుంటే కూతురు అదే అడిగింది. నేను రాసి పెట్టుకున్నదాన్ని అది చూసిందేమోనని ఉలిక్కిపడ్డాను.

“అమ్మా, బాయిలర్ తాత దిగుంటే నాయన చేతులు కాలేవి గాదు గదా?”

“ఆయన దిగుంటే ఎవరి చేతులూ కాలేవి గాదు. కెలికి చూసుండేవాడు. నాయన ఆయన్ని అడగలేదు. మొదట దిగితే చాలనుకున్నాడు.”

“అట్లయితే వచ్చే ఏడు నేను?”

దువ్వెన ఆపాను. పోవద్దన్న మాట నోటిదాకా వచ్చింది.

“నాకు భయం కన్నూ. నిన్ను పంపాలని లేదు. నీ బదులు ఇంకొకరి బిడ్డను పంపమని చెప్పను గూడా లేను. ముందు ఆ తాత దగ్గర కూచోని పొయ్యి సంగతి నేర్చుకో. ఆయన సరి అంటేనే పో. ఆయన వద్దంటే, మీ తాత చెప్పినా పోవద్దు.”

పక్కన కూర్చున్న చిన్నవాడు, “నాయన చేతులు బాగవుతాయా?” అన్నాడు.

“తెలీదు,” అని చెప్పాను. “ఆయన ఇప్పుడు ఇడ్లీ తుంచుకోలేడు. తొందరగా తయారు కాండి, పోయి మనమే తినిపించాల.”