అవ్వ పోసిన గట్క

గోపన్‌పల్లి అప్పటికి పల్లెటూరే. పక్కన పెద్ద యూనివర్సిటీ వస్తుందట అని చెప్పుకునేవారు. మా ఆయన ఆ ఊరి బడిలో పంతులు. గుంటూరు వైపు నుంచి వచ్చిన మాకు అక్కడ చుట్టం లేదు, పక్కం లేదు. నాకు రెండు నెలల పాప. పుట్టడమే బక్కగా పుట్టింది.

ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమదినాలు మొదలవుతూనే మ్రొక్కుబడి చేసుకున్నాను. పాప ఒళ్లు చేస్తే చాలు, ఈస్టరు దాకా పొద్దుగూకేవరకు వట్టి మంచినీళ్లతో ఉంటానని. మా ఆయనకు చెప్పలేదు, చెబితే ఒప్పుకోడు.

లింగంపల్లి నుంచి చర్చి అయ్యగారు సైకిలు మీద వచ్చి శుక్రవారం సాయంత్రాలు మా ఇంట్లో ప్రార్థన పెట్టేవారు. ఊళ్లోని నాలుగైదు విశ్వాసుల కుటుంబాలు వచ్చేవి. రోజూ దేవుని ప్రేమకు ఒక గుర్తు వెతకండి, శుక్రవారం లేచి సాక్ష్యం చెప్పండి అన్నారాయన. ఒకావిడ తన కోడి పొదిగిన పిల్లలన్నీ బతికాయంది. నాకు ఒళ్లు మండిపోయింది. కోడిపిల్లల్ని బతికించిన దేవుడికి నా పిల్ల కనబడలేదా?

పాప కాసేపు చీకి, పాలు రాక వదిలేసి ఏడ్చేది. దాన్ని భుజాన వేసుకుని గడప నుంచి పెరటి గోడ దాకా, గోడ నుంచి గడప దాకా తిరిగేదాన్ని. కూర్చోలేను, నిలబడలేను. రోజుకు పదిసార్లు దాని ముంజేతిని నా వేళ్ల మధ్య పట్టి చూసేదాన్ని. నిన్నటికన్నా సన్నబడినట్టే ఉండేది. నా ఉపవాసంలోనే ఏదో లోపముందని పగలు మంచినీళ్లు కూడా మానేశాను. అంత తెలివి నాది.

పెరటి గోడకు అవతల గొర్రెలు కాసేవాళ్ల ఇల్లు. ఆ ఇంటి అవ్వ రోజూ మధ్యాహ్నం, బాలింతవి తినమంటూ జొన్నరవ్వ ఉడికించి మజ్జిగ కలిపిన గట్క ఒక గిన్నెడు గోడ మీదుగా అందించేది. కాదంటే నొచ్చుకుంటుందని పుచ్చుకునేదాన్ని. సరిగ్గా ఆకలివేళకే వస్తోంది కాబట్టి ఇది నా ఉపవాసం చెడగొట్టడానికి సైతాను పెట్టే శోధనేనని నా నమ్మకం. అబద్ధమెందుకు, మా వైపు గట్క తినరన్న మిడిసిపాటు కూడా ఉంది. అవ్వ లోపలికి పోగానే, గోడకు అవతల పక్కనే ఉన్న ఆవిడ గేదె కుడితి గోలెంలో ఒంపేసేదాన్ని.

పదకొండు రోజులు ఎవరికీ తెలియలేదు. పన్నెండో నాడు నేను గిన్నె అందుకున్నానో లేదో, గేదె పలుపు సాగదీసుకుంటూ వచ్చి గోడ మీద మోర పెట్టి, నా చేతిలో గిన్నె వంక చూసి అరిచింది. అవ్వ దాన్ని చూసింది, గోలెం చూసింది, నన్ను చూసింది. ఇక దాచలేక ఉపవాసం సంగతి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. చేతులు చాపి పాపను తీసుకుంది. ముంజేతిని తడిమింది.

"నీ దేవుడు పసిపిల్ల నోటికాడిది గుంజుకునేటోడా బిడ్డా? నువ్వు తినకుంటే దీనికి పాలు యాడికెల్లి వస్తయి?"

చదువుకున్నదాన్ని, ఇంతమాత్రం నాకు తట్టలేదు. గోడ దగ్గరే నిలబడి గిన్నె ఖాళీ చేశాను. అవ్వ మళ్లీ పోసింది, అదీ తిన్నాను. మాట తప్పినందుకు దేవుడు నా పిల్లను ఏం చేస్తాడోనని రెండు రోజులు దాని ఒళ్లు పట్టి చూస్తూనే ఉన్నాను. భయపడుతూనే తిన్నాను. తింటూనే పాపకు పాలిచ్చాను.

శుక్రవారం నా వంతు వచ్చింది. ఈ వారం ఏం చూశావమ్మా అని అయ్యగారు అడిగారు. సాక్ష్యం చెప్పాలంటే లేచి నిలబడాలి. అందరూ నా వైపు తిరిగారు. నేను లేవలేదు. కొంగు చాటున పాప ఆపకుండా గుటకలు వేస్తోంది, ఆ చప్పుడు గదిలో అందరికీ వినబడుతోంది.