జిరాక్స్ షాపుకెళ్లిన అనుబంధం

ప్రభుత్వ నిధులతో నడిచే ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్లంతా ఏడాదికోసారి ఒక డిక్లరేషన్ ఇవ్వాలని మా యూనివర్సిటీ కొత్తగా నిబంధన పెట్టింది. ఒకటే పేజీ, నాలుగు ప్రశ్నలు. విదేశీ సంస్థలతో సంబంధాలున్నాయా? బయటివాళ్ల నుంచి కానుకలు, సాయం అందాయా? వేరే చోట పనిచేస్తున్నారా? ప్రాజెక్టు సమాచారం, తెలిసి గానీ తెలియక గానీ, బయటివాళ్ల చేతికి వెళ్లిందా?

ల్యాబ్‌లో మిగతావాళ్లు పది నిమిషాల్లో నింపేశారు. నాకు రెండు రోజులు పట్టింది. మొదటి ప్రశ్న కింద, ఎప్పుడో ఒక విదేశీ యూనివర్సిటీ ఆన్‌లైన్‌లో ఉచితంగా చెప్పిన కోర్సు సంగతి రాశాను. రెండో దాని కింద, సెమినార్‌కు వచ్చిన విదేశీ ప్రొఫెసర్ ఇచ్చిన బాల్‌పెన్ను రాసి, ఇంకు అయిపోయిందని కూడా చేర్చాను. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్‌గా ఉండటం మూడో ప్రశ్న కిందికి వస్తుందా అని మా గైడ్ మేడమ్‌ను అడిగాను. ఆవిడ నా వైపు కాసేపు చూసి, రాదు అన్నారు. నాలుగో ప్రశ్నకు మాత్రం క్షణం ఆలోచించలేదు. "లేదు" అని రాసి, సంతకం పెట్టి, బ్యాగులో పెట్టుకున్నాను. సోమవారం పదకొండింటికల్లా ఇవ్వాలి. నా ఫెలోషిప్‌ను ఇంకో ఏడాది పొడిగించాలా వద్దా అనేది ఆ కాగితం చూశాకే తేలుస్తారు.

మా ప్రాజెక్టు గురించి రెండు మాటలు. నగరంలో భూమి కింద పోయే పెద్ద మంచినీటి పైపులకు మేము చిన్న పరికరాలు బిగిస్తాం. నీళ్లు లీకయితే వచ్చే శబ్దాన్ని అవి పట్టుకుంటాయి. మొత్తం పన్నెండు. ఏది రోడ్డు మీది ఏ ఇనుప మూత కింద ఉందో చెప్పే పట్టిక మా రిపోర్టులో రెండో అనుబంధం. అది తెలిసినవాళ్లు పరికరాలను విప్పుకుపోవచ్చు, లేదా వాటికి దొంగ శబ్దాలు వినిపించి మమ్మల్ని లేని లీకుల వెంట తిప్పవచ్చు. అందుకే ఆ అనుబంధం ల్యాబ్ గడప దాటకూడదని మొదటిరోజే చెప్పారు.

మాది చిక్కడపల్లి. శనివారాలు ఇంటి దగ్గరి లైబ్రరీకి వెళ్తాను. అక్కడి హాల్లో సగానికి పైగా అశోక్‌నగర్‌లో రూములు తీసుకుని ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లే ఉంటారు. ఆ శనివారం నా పక్క కుర్చీలో మహబూబ్‌నగర్ వైపు అతను కూర్చున్నాడు. నా ఈడువాడే. పసుపు మార్కర్‌తో ఒక గ్రాఫ్ చుట్టూ గీత గీస్తున్నాడు. ఆ గ్రాఫ్ నేను గీసినదే. దాని వంపు చూసి గుర్తుపట్టాను.

అట్ట మీద మాత్రం "నీటి సరఫరా: అసిస్టెంట్ ఇంజనీర్ (ఏఈ) పరీక్ష స్పెషల్" అని ఉంది.

ఈ పుస్తకం ఎక్కడిదని మెల్లగా అడిగాను. అశోక్‌నగర్‌లో ఒక జిరాక్స్ షాపు ఆనవాలు చెప్పి, కొత్తగా వచ్చిందనీ, కోచింగ్ సెంటర్ నోట్సు దీని ముందు దండగనీ అన్నాడు. ఆ స్థితిలో కూడా ఒక క్షణం సంతోషపడ్డానని ఒప్పుకోవాలి.

"ఆఖర్ల టేబుల్ చూడన్న, బిట్లకు పక్కా వస్తది" అని, పుస్తకం మూసి అప్పజెప్పడం మొదలుపెట్టాడు. "ఒకటి, నారాయణగూడ ఫ్లైఓవర్ దిగంగనే ఎడమ దిక్కు. రెండు, లోయర్ ట్యాంక్‌బండ్ మలుపు కాడ..."

పన్నెండూ చెప్పాడు. ఒక్కటీ తప్పు పోలేదు.

ఏం జరిగిందో అప్పుడు గుర్తొచ్చింది. మూడు వారాల క్రితం ఒక మీటింగ్ కోసం రిపోర్టు బైండింగ్ కావాల్సి వచ్చింది. ల్యాబ్ ప్రింటర్ పాడైంది. మేడమ్ ప్రింట్ తీయించుకురమ్మన్నారు. ఇంట్లో టిఫిన్ తింటూ మొత్తం ఫైలు అశోక్‌నగర్ షాపు వాట్సాప్‌కు పంపేసి, దారిలో తీసుకుని వెళ్లాను. మా వీధుల్లో పరీక్ష ఫీజు రసీదు నుంచి పెళ్లి కార్డు దాకా అందరం అలాగే పంపుతాం. ఇంకు అయిపోయిన పెన్నును రాసినవాడికి ఆ పని నాలుగో ప్రశ్న కిందికి వస్తుందని తట్టనే లేదు.

లైబ్రరీ నుంచి అశోక్‌నగర్‌కు దాదాపు పరిగెత్తాను. షాపు నడిపే అన్నకు నేను పాత గిరాకీనే. విషయం చెప్పగానే ఆయన నొచ్చుకున్నాడు.

"మీరే పంపిన్రు గదన్న. నేనేమన్న దొంగతనం చేసిన్నా? మంచిగుంది, చదువుకునేటోళ్లకు పనికొస్తదని అట్టేసి పెట్టిన."

తప్పు నాదేనని చెప్పి, ఎన్ని కాపీలు తీశాడో అడిగాను. తొమ్మిది. నాలుగు ఇంకా ర్యాకులో ఉన్నాయి. ఆయన ఫోన్‌లో, కంప్యూటర్‌లో, చెత్తబుట్ట ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లన్నీ నా ఎదురుగానే తీసేశాడు. తీసేస్తూ అడిగాడు.

"ఇంత పరేషాన్ ఏందన్న, బాంబు ఫార్ములానా?"

నీళ్ల పైపులని చెప్పాను.

"మా బస్తీల నీళ్లే రావు. పైపులకు గింత కాపలానా?" అన్నాడు.

సాయంత్రానికి ఇంకో మూడు కాపీలు దొరికాయి. వాటిలో ఒకటి లైబ్రరీ మిత్రుడిది; అతను అనుబంధం పేజీలు మాత్రం చింపి ఇచ్చాడు, మిగతాది ఇవ్వనన్నాడు. పట్టిక సిలబస్‌లో లేదని నేను ఒట్టేసి చెప్పినా నమ్మలేదు. తనొక్కడికే దొరికిన రహస్యాన్ని లాక్కుంటున్నానని అతని అనుమానం. మిగతా రెండు కాపీలు ఎవరు కొన్నారో షాపు అన్నకు గుర్తులేదు.

ఆదివారం నారాయణగూడలో ఒక చాయ్ హోటల్లో కూర్చుని డిక్లరేషన్ బయటికి తీశాను. నాలుగో ప్రశ్న ఎదురుగా "లేదు" అప్పటికే ఉంది. నేను కొత్తగా అబద్ధం చెప్పక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు, ఇంకో ఏడాది ఫెలోషిప్ వస్తుంది. రెండు చాయ్‌లు తాగే వరకు ఊరికే కూర్చున్నాను కూడా. ఆ తర్వాత కాగితం చింపి, ఖాళీ ఫారం తీసి మళ్లీ నింపాను. ఫైలు వెళ్లినవి: ఒక ఫోన్, ఒక కంప్యూటర్, రెండింట్లోనూ తొలగించబడింది. కాపీలు తొమ్మిది. ఏడింటిలోని అనుబంధం వెనక్కి వచ్చింది, రెండింటి జాడ తెలియదు. వీటితోపాటు ఒక వ్యక్తికి పట్టిక కంఠతా వచ్చు.

సోమవారం మేడమ్ అది నిలబడే చదివారు. చివరి వాక్యం దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"కంఠతా అంటే, పన్నెండూనా?"

"పన్నెండూ అండి. వరసగా."

"ఇది పంపితే నీ పొడిగింపు ఆగిపోవచ్చు. తెలుసుగా?"

తెలుసన్నాను. ఆవిడ తన డిక్లరేషన్ ముందుకు లాక్కుని, నాలుగో ప్రశ్న దగ్గర "లేదు" కొట్టేశారు. ప్రింటర్ పాడై రెండు నెలలైనా బాగుచేయించలేదనీ, ప్రింట్ ఎక్కడ తీయిస్తున్నావని తాను అడగలేదనీ రాసి సంతకం చేశారు. నేను వద్దనబోతే, "నీ తప్పు నువ్వు రాశావు, నాది నన్ను రాసుకోనీ" అన్నారు.

నెలన్నర తర్వాత ఉత్తరం వచ్చింది. ఏడాది కాదు, ఆరు నెలలు పొడిగించారు. అదీ షరతు మీద: పన్నెండు పరికరాలనూ కొత్త చోట్లకు మార్చాలి, మార్చేదాకా వాటి లెక్కలు వాడకూడదు. ఆ పని అయితేనే మిగతా ఆరు నెలల సంగతి చూస్తారట. నాకు అది న్యాయంగానే అనిపించింది. మేడమ్ మాత్రం, ఎండలో నువ్వే దగ్గరుండి మార్చాలి, అప్పుడు బాగా గుర్తుంటుంది అన్నారు.

ఏడోది చిక్కడపల్లిలో ఒక సందులో బిగిస్తున్నాం. పనివాళ్లు మూత పక్కకు జరిపారు. నేను లోపలికి వంగి పరికరం మీది నంబరు పైకి చదివి సరిచూస్తుంటే, వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏడో నంబర్ ఇక్కడికొచ్చిందా అన్న?"

లైబ్రరీ మిత్రుడు. చేతిలో టీ గ్లాసు, మొహంలో నిష్కల్మషమైన ఆనందం. పాత చోటే చదివి పరీక్షలో తప్పు రాయకుండా బతికిపోయానన్నాడు. మిగతావి ఎక్కడెక్కడికి మారాయో కూడా చెబితే పుణ్యముంటుందన్నాడు.

అతనికి జవాబు చెప్పే ముందు ఫోన్ తీసి మేడమ్‌కు కలిపి, ఎవరు చూశారో, ఏం చూశారో, ఎన్ని గంటలకో వరసగా చెప్పాను. అటు వైపు నుంచి ఆవిడ నవ్వు వినపడింది.

"విప్పెయ్. ఇంకో సందు చూడు."

పనివాళ్లను బతిమాలుకుని బోల్టులన్నీ మళ్లీ విప్పించాను.